‘ఏ టైపు సినిమా?’ అని అడిగితే సరిగ్గా చెప్పడం ఎలా

మా అమ్మమ్మ సీరియల్ చూడదు, వింటుంది. హాల్లో టీవీ దాని మానాన అది మోగుతూ ఉంటుంది. ఆవిడ వంటింటి గడప దగ్గర కూర్చుని గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తూ ఉంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి, "అయిపోయింది, పెద్దకోడలు తలుపు చాటున నిలబడి అంతా వినేసింది" అంది. నేను తలెత్తి చూస్తే తెర మీద నిజంగానే తలుపు, దాని చాటున పెద్దకోడలు.

"చూడకుండా ఎలా చెప్పావు అమ్మమ్మా?"

"ఆ మోత వినపడలేదుట్రా నీకు? ఇద్దరు గుట్టుగా మాట్లాడుకుంటుంటే మధ్యలో ఢమఢమలెందుకు, మూడోది వింటేనే కదా!"

సినిమా కోర్సుల్లో జానర్ అనీ శైలి అనీ పేర్లు పెట్టి చెప్పే పాఠం సగం ఆవిడకు చెవుల్లోంచే ఎక్కేసింది. మనకూ ఎక్కే ఉంటుంది. చిన్నప్పటి నుంచి వందల సినిమాలు చూసినవాళ్లం. కాకపోతే ఎవరైనా "ఎలా ఉంది?" అని అడిగితే "రొటీన్", "టేకింగ్ బాగుంది", "సెకండాఫ్ లాగ్" అని మూడు ముక్కల్లో తేల్చేస్తాం. ఆ ముక్కల వెనక మనకు తెలిసిందేమిటో బయటికి లాగడానికి నేను వాడే పద్ధతి ఇది. ఒక నోటుబుక్కు, పెన్ను, చేతిలో రిమోట్ ఉంటే చాలు.

ముందు మూడు మాటలు విడదీసుకోండి

జానర్ అంటే సినిమా ఏ కోవలోది అన్నది. మనకు ఇది కొత్త లెక్కేం కాదు. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అని పాత రోజుల్లోనే గదులు కట్టిపెట్టారు. శైలి అంటే అదే కథను ఈ దర్శకుడు, ఈ కెమెరామన్ ఏ తీరున చెప్పారన్నది. థియేటర్ బయట ‘టేకింగ్’ అనేది దాన్నే. ఇక మూడోది సంప్రదాయం. ఆ కోవలో అందరూ మారుమాట లేకుండా ఒప్పేసుకునే రివాజు.

మూడింట్లో ఇదే పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అలవాటైపోయి కనిపించదు. పద్యనాటకాల సంగతి పెద్దవాళ్లు చెబుతుంటారు. జనం ‘వన్స్ మోర్’ అని అరిస్తే అప్పుడే చచ్చిపడిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ పడిపోయేదట. చూసేవాళ్లకు అందులో వింతేమీ లేదు. అమలాపురంలో మాట్లాడుకుంటున్న ప్రేమికులు పాట రాగానే స్విట్జర్లాండ్ మంచులో తేలితే మనకూ వింతేమీ ఉండదు. పక్కన కూర్చున్న విదేశీ స్నేహితుడు "వీళ్లు ఎప్పుడు వెళ్లారు?" అని అడిగినప్పుడే అది సంప్రదాయమని మనకు వెలుగుతుంది.

నా పద్ధతి మొత్తం ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: ఇందులో ఏం జరిగితే నేను ఊరుకోను? మీకు ఎక్కడ ఒళ్లు మండుతుందో అక్కడే జానర్ ఉంది.

ఈ ప్రశ్నను ‘మాయాబజార్’ (1957) మీద పెట్టి చూడండి. అది భారత కథ కదా. కానీ ఆ సినిమాలో పాండవులు తెర మీదకే రారు. ఎప్పుడైనా మీరు "భీముడేడీ, అర్జునుడేడీ" అని గొణిగారా? ఎవరూ గొణగరు. శశిరేఖ పెళ్లి తప్పిపోయిందనుకోండి, అప్పుడు మాత్రం ఊరుకోరు. అంటే కిరీటాలు, గదలు పెట్టుకున్నా లోపల నడిచేది పెళ్లి కథ. మాట తప్పిన మేనమామ, ఆస్తి పోగానే మొహం చాటేసిన చుట్టాలు, విడిదింట్లో వియ్యాలవారి హడావుడి, అన్నీ మన ఇళ్లవే. ఈ శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో లేనే లేదు. ‘పౌరాణికం’ అని ఒక్క మాటలో తేల్చేస్తే ఇదంతా చేజారిపోతుంది.

సినిమాకు వెళ్లే ముందే రాసిపెట్టుకోండి

పోస్టరు, పేరు, సెన్సార్ సర్టిఫికెట్, విడుదల తేదీ, ఈ నాలుగూ చూసి "ఇందులో ఇవి ఉంటాయి" అని అయిదు వాక్యాలు రాయండి. తెల్ల చొక్కా మీద నెత్తురు మరకలు, చేతిలో వేటకొడవలి కనిపిస్తే మీకు అప్పుడే కొన్ని తెలిసిపోతాయి. సంక్రాంతికి వస్తుంటే ఇంటిల్లిపాదీ చూడాలన్న లెక్క కూడా అందులో కలిసి ఉంటుంది. సర్టిఫికెట్‌ను చాలామంది పట్టించుకోరు గానీ, 2024 నుంచి యూ/ఏ లోనే 7+, 13+, 16+ అని విడగొట్టారు కాబట్టి ఇప్పుడు అది కాస్త పనికొచ్చే ఆనవాలు.

ఆనవాళ్లను తప్పుగా చదివితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి మా అక్క పిల్లలిద్దర్నీ ఒక దెయ్యం సినిమాకు తీసుకెళ్లాను. పోస్టరు మీద దెయ్యం పక్కన ఒక కమెడియన్ బొమ్మ ఉంది. మనకు దెయ్యం, కామెడీ కలిపి వడ్డించడం అలవాటైపోయింది కదా, అదే అనుకున్నా. తీరా చూస్తే ఆ కమెడియన్ మొదటి అరగంటలోనే ఘోరంగా చచ్చిపోయాడు. పిల్లలు వారం రోజులు లైటు ఆర్పనివ్వలేదు, మా అక్క నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఆలోచిస్తే ఆ దర్శకుడు చేసింది తెలివైన పనే అనిపించింది. కమెడియన్ ఉన్నంతసేపూ ప్రాణానికి ఢోకా లేదన్న మన ధీమానే ఆయన భయపెట్టడానికి వాడుకున్నాడు. అయినా పోస్టరు అలా వేయడం మాత్రం అన్యాయం.

సినిమా అయ్యాక మీ అయిదు వాక్యాల్లో ఏవి నిజమయ్యాయో టిక్ పెట్టండి. టిక్ పడనివి ఎక్కువ పనికొస్తాయి.

మొదటి పది నిమిషాలు కళ్లు తిప్పకండి

సినిమా తానెవరో మొదట్లోనే చెప్పుకుంటుంది. ముందు విలన్ అఘాయిత్యం చూపించి, జనం ఆకాశం వంక చూశాక, అప్పుడు హీరో బూటు, పిడికిలి, వీపు, ఆఖర్న మొహం చూపించారంటే అది మాస్ సినిమా. మీరు విజిల్ వేసినా వేయకపోయినా మీ నుంచి అది విజిల్‌నే అడుగుతోంది. హీరో మామూలుగా పళ్లు తోముకుంటూ కనిపించాడంటే ఇంకో రకం బేరం. ఆ తేడాను ఒక వాక్యంలో రాసుకోండి.

టీవీలో ఈ పని టైటిల్ పాట చేస్తుంది. 2001లో జెమినీలో మొదలైన ‘అమృతం’ గుర్తుందా? ‘ఒరేయ్ ఆంజనేలూ’ అని పాట ఎత్తుకోగానే, వీళ్లకు కష్టాలొస్తాయి గానీ మనం ఏడవక్కర్లేదని తెలిసిపోతుంది. హోటల్ బాగు చేసుకుందామని అమృతం, ఆంజనేలు ఏ ప్లాన్ వేసినా ఎపిసోడ్ చివరికి బోల్తా కొడుతుంది, వచ్చేవారం మళ్లీ అదే హోటల్, అదే అప్పాజీ. సిట్‌కామ్ (అవే మనుషులు, అదే చోటు చుట్టూ నడిచే హాస్య సీరియల్) రివాజు అది: ఎక్కడ మొదలైందో అక్కడికే రావాలి. డైలీ సీరియల్‌ది దానికి సరిగ్గా ఎదురు రివాజు. ఎపిసోడ్ అయ్యేసరికి ఏదీ తేలకూడదు. అమృతానికి నిజంగా లాటరీ తగిలి హోటల్ మూసేసుకుంటే మీకెలా ఉంటుంది? సీరియల్లో అత్తాకోడళ్లు మంగళవారం కూర్చుని సావకాశంగా మాట్లాడేసుకుని రాజీపడిపోతే? ఈ రెండు చిరాకులూ వేరువేరు అని గమనించారంటే రెండు జానర్ల తేడా మీకు తెలిసిపోయినట్టే.

రివాజు కనిపిస్తే, దాని పనేమిటో అడగండి

"ఈ పాట ఎందుకు పెట్టారు, అనవసరం" అనడం తేలిక. అది ఏం పని చేస్తోందని అడగడం మేలు. కామెడీ ట్రాక్‌నే తీసుకోండి. కథతో సంబంధం లేకుండా ఇద్దరొచ్చి తన్నుకుని పోతారని విసుక్కుంటాం. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దూరిపోయి మోటు సరసాలాడేవాళ్లు. రాత్రంతా సాగే ఆటలో నిద్రపోతున్నవాళ్లను లేపాలి, ఏడ్చినవాళ్లను తేలిక పరచాలి. ఆ పనే సినిమాలోకి నడిచొచ్చింది. ఇప్పుడు సినిమాలు పొట్టివవుతున్నాయి, హీరోలే కామెడీ చేసేస్తున్నారు, అందుకే విడి ట్రాకులు తగ్గిపోయాయి.

ఇంటర్వెల్ ఇంకా పెద్ద సంగతి. మన సినిమాలో అది క్యాంటీన్ కోసం ఇచ్చే విరామం మాత్రమే అయితే కథ దాని చుట్టూ తిరగదు. మన రచయితలు ‘ఇంటర్వెల్ బ్యాంగ్’ ముందు కుదుర్చుకుని, దాని దగ్గరికి ఫస్టాఫ్‌ను నడిపిస్తారు. హాలీవుడ్ సినిమాకు ఆ లెక్క లేదు. అందుకే మన థియేటర్లో దాన్ని ఎక్కడో ఒకచోట, మాట మధ్యలో కూడా ఆపేసి లైట్లు వేస్తారు. ఆ ఎబ్బెట్టుతనం ఒకసారి అనుభవించండి, ఇంటర్వెల్ అనేది కథను ఎంత మలుస్తుందో తెలుస్తుంది. ఓటీటీలో మన సినిమా చూస్తున్నప్పుడు సగం దగ్గర ఒక్కసారిగా మోత పెరిగి, బొమ్మ ఆగి, మళ్లీ చల్లగా మొదలవుతుంది చూడండి, అది ఆ లేని విరామానికి మిగిలిన గుర్తు.

ఒక వేషాన్ని రెండు కోవల్లో చూడండి

ఇది నాకు బాగా ఇష్టమైన అభ్యాసం. యముణ్ణి తీసుకోండి. దున్నపోతు, గద, పాశం, బుర్రమీసం, కిరీటం. సావిత్రి కథలో ఆ వేషం రాగానే గుండె జారాలి. అదే వేషం ‘దేవాంతకుడు’ (1960), ‘యమగోల’ (1977), ‘యమలీల’ (1994), ‘యమదొంగ’ (2007) సినిమాల్లోకి వచ్చేసరికి మనం నవ్వడానికి సర్దుక్కూర్చుంటాం. ‘యమగోల’లోనూ ‘యమలీల’లోనూ యముడు కైకాల సత్యనారాయణే. ఆయన గొంతు తగ్గించలేదు, మీసం తీయలేదు, పౌరాణికంలో ఎంత గంభీరంగా పలకాలో అంత గంభీరంగానే పలికారు. నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆ గాంభీర్యాన్ని ప్యాంటు చొక్కా వేసుకున్నవాడి ముందు నిలబెట్టడంలోంచి. పౌరాణికం రివాజులన్నీ అలాగే ఉంచి, చుట్టూ సాంఘికాన్ని పెట్టారు. సోషియో ఫాంటసీ అని మనం పిలుచుకునే కోవ ఇలాంటి అతుకుల మీద నిలబడింది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990)లో ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుని టూరిస్టు గైడు ఇంటికి చేరడం కూడా ఈ దారిలోదే.

అభ్యాసం ఏమిటంటే, ఇలాంటి ఒక సీన్ పెట్టుకుని, కాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు ఒక జానర్‌కు చెందినవి, కుడివైపు రెండోదానికి చెందినవి రాయండి. భాష, బట్టలు, సంగీతం, నిలబడే తీరు, అన్నీ. ఏ వైపూ పడనివి మిగిలితే అవి దర్శకుడి సొంతం.

ఇంకో దేశపు వేషం మన దగ్గరికొచ్చినా ఇలాగే చూడొచ్చు. మన ఊళ్లలో గుర్రమెక్కి తుపాకీ పేల్చే టోపీవాలాలు ఎప్పుడున్నారు? అయినా 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చాక కౌబాయ్ సినిమా అంటే పల్లెటూరి ప్రేక్షకుడికీ తెలిసిపోయింది. దానికి లోకంలో ఆనవాలు అక్కర్లేదు, వేరే సినిమాల్లో ఉంటే చాలు.

ఒక జానర్‌ను వరసలో పెట్టి చూడండి

ఒక్క సినిమా చూసి జానర్ అర్థం చేసుకోవడం కుదరదు. అయిదారు సినిమాలు ఏళ్ల వరసలో చూడాలి. నేను ఫ్యాక్షన్ సినిమాలతో చేశాను, మీరూ దానితోనే మొదలెట్టండి, దొరకడం తేలిక.

‘ప్రేమించుకుందాం రా’ (1997)లో ఫ్యాక్షన్ ప్రేమకథకు అడ్డంగా నిలిచిన గోడ. ‘సమరసింహారెడ్డి’ (1999)కి వచ్చేసరికి ఆ గోడే ఇల్లయిపోయింది. ఎక్కడో పనివాడిలా తల వంచుకు బతికే మనిషి, తీరా చూస్తే సీమలో పేరు చెబితే వణికే నాయకుడు. ‘ఇంద్ర’ (2002)లో ఆ తల వంచుకున్న మనిషి కాశీలో ట్యాక్సీ నడుపుతుంటాడు. అప్పటికి ప్రేక్షకుడికి మొత్తం తెలుసు. హీరో ఎవరన్న సస్పెన్స్ ఏమీ లేదు, ఎప్పుడు బయటపడతాడన్న ఎదురుచూపే మిగిలింది. సుమోలు గాల్లోకి లేవడం, తెల్ల బట్టలు, తొడగొట్టడం ఈ దశలో గట్టిపడ్డాయి. ‘ఒక్కడు’ (2003)లో హీరో ఫ్యాక్షనిస్టు కాదు, హైదరాబాద్ పాతబస్తీ కబడ్డీ ఆటగాడు. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర బయటివాడిగా వచ్చి తలదూరుస్తాడు. అరిగిపోతున్న కోవలోకి వేరే సినిమా మనిషిని దింపారన్నమాట.

అరిగాక ఎగతాళి మొదలవుతుంది. ‘మర్యాద రామన్న’ (2010)లో సునీల్ లాంటి పిరికి హీరోను ఫ్యాక్షన్ ఇంట్లో పెట్టి, గడప లోపల అతిథిని చంపకూడదన్న నియమం ఒకటి పెట్టారు. గడప దాటితే చావు, దాటకపోతే విందుభోజనం. దీని మూలం అమెరికాలో 1923లో బస్టర్ కీటన్ తీసిన మూకీ. అక్కడి పాత కుటుంబ పగల మీద కట్టిన హాస్యం మన సీమ కక్షల మీద అతికినట్టు సరిపోయింది. చివరగా ‘అరవింద సమేత వీర రాఘవ’ (2018). మిగతా సినిమాలు క్లైమాక్స్‌కు దాచుకునే నరుకుడును ఇది మొదట్లోనే అవగొట్టేసి, ఆ తర్వాత ఇంట్లో మిగిలిన ఆడవాళ్ల వైపు కెమెరా తిప్పింది. జానర్ తనను తాను ప్రశ్నించుకోవడం అంటే ఇదే.

ఈ వరస చూస్తున్నప్పుడు ఇంకో కాలమ్ కూడా పెట్టుకోండి: ఈ రివాజు వల్ల ఎవరికి నష్టం? సీమవాళ్లను కదిపి చూడండి. బస్సులో పరిచయమైనవాడు ఊరి పేరు చెప్పగానే "బాంబులేస్తారా మీరు?" అని నవ్వే నవ్వు వాళ్లకు ఎంత విసుగో చెబుతారు. వేరుశెనగ చేలూ, కరువూ, వలసలూ ఉన్న నేలను ఈ కోవ రెండు దశాబ్దాల పాటు ఒక్క వేటకొడవలికి కుదించింది. సినిమాగా నచ్చడం వేరు, ఈ లెక్క వేరు. రెండూ రాసుకోండి.

శైలి కోసం సౌండ్ కట్టేయండి

జానర్ ‘ఏమిటి’ అయితే శైలి ‘ఎలా’. దానికి మాటలు అడ్డం. అందుకే ఒక నిమిషం ముక్క ఎంచుకుని, మ్యూట్ పెట్టి, ఎన్ని షాట్లున్నాయో గీతలు గీస్తూ లెక్కపెట్టండి. కెమెరా కదులుతోందా, నిలబడి ఉందా? వెలుతురు ఎటు నుంచి పడుతోంది? మొహానికి ఎంత దగ్గరగా వెళ్లింది?

మొన్న ఒక సీరియల్లో చెంపదెబ్బ సీన్‌కు ఇలాగే గీతలు గీశాను. దెబ్బ ఒక్కటే. అది మూడు వైపుల నుంచి మూడుసార్లు పడింది. తర్వాత కొట్టిన అత్త, తిన్న కోడలు, మామగారు, ఆడపడుచు, సోఫా పక్క పనమ్మాయి, మళ్లీ కోడలు, మళ్లీ అత్త. ప్రతి మొహానికీ ఒక ఉరుము. దాదాపు నిమిషం గడిచింది, ఎవరూ నోరు తెరవలేదు. నవ్వుకోవచ్చు. కానీ అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా ఇరవై నిమిషాల పైచిలుకు బొమ్మ రోజూ కావాలి, సెట్ ఆ ఇల్లొక్కటే, వంట చేసుకుంటూ సగం చూసేవాళ్లకు కూడా కథ అందాలి. ఈ మూడింటి మధ్య ఆ శైలి పుట్టింది. మా అమ్మమ్మ గోరుచిక్కుళ్ల కోసమే ఆ ఉరుములు.

దీని పక్కన ‘శివ’ (1989) పెట్టండి. అన్న కూతుర్ని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని హీరో పారిపోయే సీన్ తీసుకోండి. ఆ సినిమాలో స్టెడీక్యామ్ (కెమెరామన్ ఒంటికి కట్టుకునే కెమెరా అమరిక) వాడారు. కెమెరా మనిషి వెంట కుదుపు లేకుండా పరుగెత్తేసరికి వీధి మనదైపోతుంది. కథ చూస్తే మంచివాడు రౌడీల్ని ఎదిరించడమే, అది ఎన్నిసార్లు చూశామో! జనం ఉలిక్కిపడింది ఆ టేకింగ్‌కు. పాత నలుపు తెలుపుల్లోకి వెళ్తే కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెల. విజయా వారి వెన్నెల అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ‘మాయాబజార్’ పడవ పాటలో నీళ్ల మీద మెరుపును మ్యూట్ చేసి చూడండి. ఘంటసాల గొంతు లేకపోయినా ఆ పాట చల్లగానే ఉంటుంది.

తికమక పడకుండా ఉండటానికి ఒక చిట్కా: ఈ సీన్‌ను ఇంకో దర్శకుడికిస్తే ఏం మారుతుందో ఊహించండి. మారేది శైలి. ఎవరు తీసినా మారనిది జానర్ అడిగింది.

ఇక రాయండి

ఒక్క పేరా చాలు. నాలుగు సంగతులు అందులో పడాలి: ఏ కోవ అని చెప్పుకుని వచ్చింది, ఏ రివాజులు పాటించింది, ఏ ఒక్కదాన్ని కావాలని తప్పింది, తప్పినచోట మీకేమైంది. ‘రొటీన్’, ‘కొత్తగా ఉంది’ అన్న మాటలు నిషేధం. రొటీన్ అనిపిస్తే ఏ రివాజు పని చేయడం మానేసిందో రాయండి. మొదటి మూడు నాలుగు పేరాలు కథ చెప్పినట్టే వస్తాయి, ఫరవాలేదు, కథ కొట్టేసి మిగిలింది ఉంచుకోండి.

ఈ మధ్య మా అమ్మమ్మకు ఓటీటీలో ఒక వెబ్ సిరీస్ పెట్టాను. గదిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. సంగీతం లేదు, ఫ్యాను చప్పుడు వినిపిస్తోందంతే. ఆవిడ గడప దగ్గర కాసేపు చెవి ఒగ్గింది.

"ఏరా, ఎవరైనా వింటున్నారా లేదా?"

"నువ్వే చెప్పు."

"మోత లేకపోతే ఎట్లా తెలుస్తుందిరా?" అంటూ చిక్కుళ్ల పళ్లెం పక్కన పెట్టి, కళ్లజోడు వెతుక్కుని, హాల్లోకొచ్చి కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుంది.